కావలి హైవే పక్క కోడిపిల్లల షెడ్డు: ఏది కొనొచ్చు, ఏది వద్దు

కావలి నుంచి ఒంగోలు వైపు హైవే పక్కనున్న ఈ షెడ్డు బోర్డు మీద ‘ప్యూర్ డేగ, ప్యూర్ నెమలి, కడక్‌నాథ్, వనరాజా’ అని నాలుగు పేర్లున్నాయి. చిక్కంతా మొదటి రెండింటితోనే. డేగ, నెమలి జాతులు కావు, ఈకల రంగును బట్టి పెట్టిన పేర్లు. ఎర్రటిది డేగ, మొత్తం నలుపైతే కాకి, మొత్తం తెలుపైతే సేతువ, మెడ మీద నలుపు తెలుపు ఈకలు కలిసుంటే పర్ల, రెక్కల మీదా వీపు మీదా పసుపు ఈకలుంటే నెమలి. ఈ పేర్లతో అమ్మే పందెంకోళ్ల జాతి పేరు అసీల్. డేగ రంగు సంకర కోడికీ వస్తుంది, ఊళ్లో తిరిగే మామూలు నాటుకోడికీ వస్తుంది. ‘ప్యూర్ డేగ’ అన్న మాట రంగు గురించి చెప్తుంది తప్ప రక్తం గురించి కాదు.

అసీల్ గదిలో నెలన్నర పిల్లలున్నాయి. వీటిలో ఈకలు చూడటం చివరి పని. ముందు తురాయి, అంటే నెత్తి మీది కండ, చూడాలి. అసీల్‌కు నెత్తి మీద మూడు వరసల బుడిపెలతో, గట్టిగా అణిగి ఉన్న చిన్న తురాయి ఉంటుంది. పళ్లున్న రంపంలా ఒకే రేకు నిలబడి ఉంటే అది అసీల్ కాదు. ఆ గదిలో అలాంటివి కొన్ని కలిసే ఉన్నాయి. తర్వాత ముక్కు పొట్టిగా మందంగా ఉండాలి, గడ్డం కింద వేలాడే తోలు దాదాపు ఉండకూడదు, మెడా కాళ్లూ పొడుగ్గా, ఈకలు ఒంటికి అతుక్కుని పలచగా ఉండాలి. చేత్తో పట్టుకుంటే దూదిలా మెత్తగా కాకుండా బిగువుగా తగలాలి. కంటి రంగు చూసి ఈ వయసులో తేల్చొద్దు, ముత్యంలా తెల్లబడటానికి సమయం పడుతుంది.

అయితే బుడిపెల తురాయి ఉన్నంత మాత్రాన స్వచ్ఛమని నమ్మకూడదు. ఆ లక్షణానికి బలమెక్కువ. అసీల్ పుంజు మామూలు పెట్టతో కలిస్తే పుట్టే పిల్లలకూ అలాంటి తురాయే వస్తుంది, కాస్త లావుగా, వంకరగా ఉంటుందంతే. అలాంటి సంకరాలు రెండు జతకడితే నాలుగు పిల్లల్లో సగటున ఒకదానికి రేకు తురాయి తేలుతుంది. అందుకే ఒక్క పిల్లను కాదు, దాని తోబుట్టువులందర్నీ, తల్లిదండ్రుల్నీ చూడాలి.

ఈ షెడ్డు తప్పేది ఇక్కడే. రకరకాల పుంజులు, పెట్టలు ఒకే దొడ్లో తిరుగుతున్నాయి. పెట్ట కడుపులో పుంజు బీజం రెండు వారాలకు పైగా నిలుస్తుంది. పుంజును మార్చాక కనీసం మూడు వారాల గుడ్లు పొదిగించకుండా వదిలేస్తేనే పిల్లలకు తండ్రి ఎవరో చెప్పగలం. ఇక్కడ అసీల్ తల్లికోళ్లకు విడి గదులూ లేవు, గుడ్ల మీద తేదీలూ లేవు. అలాంటప్పుడు ‘జాతి పిల్ల’ అని రెండింతల ధర చెప్పడం న్యాయం కాదు. పెట్టల కాళ్లకు రంగు ట్యాగులు, ఒక పుంజుకు ఒక గది, గుడ్డు మీద పెన్సిల్‌తో గది నంబరు: ఇంతకంటే పెద్ద ఖర్చేమీ లేదు.

పది రోజుల పిల్లను చూపించి ‘ఇది నెమలి అవుతుంది’ అంటే ఆ మాటకు విలువివ్వకండి. పుట్టినప్పటి నూగు పోయి మొదటి ఈకలు నిండటానికే ఐదారు వారాలు పడుతుంది. పుంజుకు మెడ మీద, నడుం మీద సన్నగా మొనదేలిన మెరుపు ఈకలు మూడో నెల తర్వాతే తెలుస్తాయి. అసలు రంగు తేలేది ఐదారు నెలలకు. ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. పొట్ట కిందా రెక్క అంచునా తెలుపున్న నల్ల పిల్లను సంకరమనుకుని పక్కన పెట్టేస్తారు. నల్ల కోళ్ల పిల్లలు చాలావరకు అలాగే పుడతాయి, ఈకలు మారేకొద్దీ ఆ తెలుపు పోతుంది.

బోడిమెడ పిల్లలు కూడా ఉన్నాయి. మెడ ముందు కిందివైపు చిన్న ఈకల కుచ్చు ఉంటే ఆ గుణం తల్లిదండ్రుల్లో ఒకదాని నుంచే వచ్చినట్టు. మెడంతా బోడిగా ఉన్నవాటిని జతకడితే పిల్లలన్నీ బోడిమెడతో వస్తాయి. ఇక్కడ రెండింటికీ ఒకటే ధర, కాబట్టి ఏరుకుని తీసుకోండి.

కడక్‌నాథ్ గది మాత్రం మెచ్చుకోవాలి. తల్లికోళ్లను విడిగా పెట్టారు, అడిగితే వాటి నోరు తెరిచి చూపిస్తారు. ఇది మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు జాతి, 2018లో దీని మాంసానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. నల్లటి ఈకలు చాలవు, మన కాకి కోడికీ అవి ఉంటాయి. నాలుక, నోటి లోపలి తోలు, కాలివేళ్ల మధ్య చర్మం, రెక్క కింద ఈకలు విడదీస్తే కనిపించే ఒళ్లు, అన్నీ నల్లగా ఉండాలి. నాలుక మీద గులాబీ మచ్చలున్నా, తురాయి మామూలు ఎరుపులో ఉన్నా వేరే రక్తం కలిసిందని అనుమానించాలి. మెడ మీద వెండి చారలో బంగారు చారలో ఉన్నవాటిని తీసిపారేయకండి, ఆ రంగులూ జాతిలోవే. గుడ్డు మాత్రం లేత గోధుమ రంగు. నల్ల గుడ్డు పెడుతుందని ఎవరు చెప్పినా నమ్మకండి.

వనరాజా విషయంలో షెడ్డువాళ్లు నిజమే చెప్తున్నారు. ఇది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి తయారుచేసిన రకం. రంగురంగుల ఈకలతో నాటుకోడిలా ఉంటుంది కానీ నాటుది కాదు. దాని గుడ్లు ఇంట్లో పొదిగిస్తే పిల్లలు తల్లిలా రావనీ, ప్రతిసారీ కొత్త పిల్లలే కొనాలనీ ముందే చెప్పి అమ్ముతున్నారు.

టీకాల గురించి అడిగితే కొక్కెర తెగులుకు మొదటి వారం చుక్కలు వేశామన్నారు, తేదీ రాసిన చీటీ మాత్రం ఇవ్వలేదు. చీటీ లేకపోతే పశువైద్యశాలలో చూపించి తర్వాతి టీకా ఎప్పుడో తెలుసుకోండి. పిల్లల్ని చిల్లుల అట్టపెట్టెలో ఇస్తారు, అది బాగుంది.

కడక్‌నాథ్‌కు ఐదుకు నాలుగు, వనరాజాకు నాలుగు, అసీల్‌కు రెండు. అసీల్ కావాలంటే ఇక్కడ పది రోజుల పిల్లలు వద్దు. మూడు నెలలు దాటిన వాటిలో తురాయి, ముక్కు, ఈకల బిగువు చూసి ఏరుకోండి, అదీ నాటుకోడి ధరకే అడగండి.