రేడాన్ పరీక్షకు ఏది మేలు: బొగ్గు డబ్బానా, ఆల్ఫా ట్రాకా, మానిటరా?

రేడాన్ అంటే నేలలోంచి ఇంట్లోకి చేరే రేడియోధార్మిక వాయువు. కొద్ది ఇళ్లున్న కాలనీలో దాని మాట వస్తే ఎప్పుడూ ఈ రెండు ప్రశ్నలే. పక్కింట్లో తక్కువ వచ్చింది కదా, మాకెందుకు? రీడింగ్ అక్కడికక్కడే చూపే డిజిటల్ మానిటర్ ఒక్కటి కొని ఇల్లిల్లూ తిప్పితే చాలదా?

పక్కింటి రీడింగ్ మీ ఇంటికి పనికిరాదు. నేల ఒకటే అయినా ఫ్లోరు బీటలు, పైపులు దిగే చోట సందులు, గాలి ఆడే తీరు ఏ ఇంటికా ఇంటికే వేరు.

గాలిలోని రేడాన్‌ను బొగ్గుతో పట్టి ల్యాబ్‌కు పంపే బొగ్గు డబ్బా చవక, 2 నుంచి 7 రోజుల్లో పని అయిపోతుంది. కానీ పెట్టడానికి 12 గంటల ముందు నుంచే తలుపులు, కిటికీలు మూసి ఉంచాలి. రేడాన్ అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం తరిగిపోయే కాలం, 3.8 రోజులే. అందుకే మూత పెట్టిన డబ్బాను అల్మారాలో వారం మరిచిపోతే ల్యాబ్‌కు చేరేసరికి కొలవడానికి పెద్దగా ఏమీ మిగలదు. గాలిలో తేమ ఎక్కువైనా బొగ్గు నీటినే పట్టుకుని రేడాన్‌ను వదిలేస్తుంది. ఇల్లు కొనే తొందరలో ఉన్నవాళ్లకు తప్ప దీన్ని సిఫారసు చేయను.

నా ఓటు ఆల్ఫా ట్రాక్‌కే. రేడాన్ పగటికీ రాత్రికీ మారుతుంది, రుతువుకూ మారుతుంది. చలికాలంలో ఇంట్లో వేడిగాలి పైకి పోతూ నేలలోని గాలిని లోపలికి లాగుతుంది. ఊపిరితిత్తులకు హాని చేసేది ఏళ్ల తరబడి పీల్చిన మొత్తం, ఒక వారం రీడింగ్ కాదు. ఆల్ఫా ట్రాక్ డిటెక్టర్‌ను 3 నెలల నుంచి ఏడాది దాకా ఉంచొచ్చు, కిటికీలు మూయక్కర్లేదు, మామూలుగా బతకడమే. లోపల చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. రేడాన్ నుంచి వెలువడే ఆల్ఫా కణాలు దాని మీద కంటికి కనిపించని గీతలు పెడతాయి. ల్యాబ్‌లో వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో నానబెడితే అవి గుంటలవుతాయి, మైక్రోస్కోపు కింద లెక్కపెడతారు.

ఎక్కువగా చెడేది ఇక్కడే: ప్యాకెట్ చింపిన తేదీ, తీసిన తేదీ రాయరు. గుంటల లెక్కను గంటలతో భాగిస్తేనే సగటు వస్తుంది కాబట్టి తేదీ లేని డిటెక్టర్ వృథా. అందరూ నివసించే అతి కింది అంతస్తులో, నేల నుంచి అర మీటరు పైన, బయటి గోడకు 30 సెంటీమీటర్లు ఎడంగా పెట్టండి. వంటగది, స్నానాల గది వద్దు.

కాలనీ అంతటికీ అయితే అన్ని ఇళ్లలో ఒకే 3 నెలలు పెట్టండి. మానిటర్‌ను తిప్పితే ఒకరిది చలికాలం లెక్క, ఇంకొకరిది ఎండాకాలం లెక్క అవుతుంది, పోల్చడానికి వీలుండదు. ప్రతి పది ఇళ్లకు ఒకచోట రెండు డిటెక్టర్లు 10 సెంటీమీటర్ల దూరంలో పెడితే ల్యాబ్ పనితనమూ తెలుస్తుంది. ఒకటి ప్యాకెట్ విప్పకుండా వాటితోపాటే పంపండి. దాని మీదా గుంటలు ఎక్కువ కనిపిస్తే రవాణాలోనో ల్యాబ్‌లోనో తేడా జరిగినట్టే.

ఎలక్ట్రెట్ అని ఇంకోటి ఉంది. విద్యుదావేశం నింపిన బిళ్ల అది, దాని వోల్టేజి ఎంత తగ్గిందో చూసి రేడాన్‌ను లెక్కకడతారు, నిపుణులకే వదిలేయండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే హద్దు క్యూబిక్ మీటరు గాలికి 100 బెక్వెరెల్స్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం), అది కుదరని చోటా 300 దాటకూడదు. అమెరికాలో 148 దగ్గర మరమ్మతు చేయమంటారు.

డిజిటల్ మానిటర్ అక్కరకొచ్చేది మరమ్మతు తర్వాతే. నేల కింది గాలిని లాగే ఫ్యాన్ వేసి 24 గంటలు ఆగి చూడండి, గంటల రీడింగ్ కాకుండా వారం సగటు.