తారు షాంపూ: నెత్తి సోరియాసిస్‌కు ఎంతవరకు పనికొస్తుంది?

తిరుపతిలో ఏ మందుల షాపులోనైనా "నెత్తిలో పొట్టు, ఒకటే దురద" అని అడగండి, కౌంటర్ మీదికి ముందు వచ్చేది కీటోకోనజోల్ షాంపూనే. చుండ్రుకు అది మంచి మందే. కానీ పొట్టు వెండి రేకుల్లా తెల్లగా, మందంగా లేస్తోందా? జుట్టు గీత దాటి నుదుటి మీదికీ, చెవుల వెనక్కీ, మెడ మీదికీ దిగుతోందా? అయితే అది చుండ్రు కాకపోవచ్చు, సోరియాసిస్ అనే చర్మజబ్బు కావచ్చు. చుండ్రు పొట్టు జిడ్డుగా, కాస్త పసుపుగా రాలుతుంది. సోరియాసిస్ పొలుసును పీకితే కింద ఎర్రటి చర్మం మీద సూదిమొనంత రక్తపు చుక్కలు లేస్తాయి. పీకి చూడమని కాదు, గీరుకున్నప్పుడు గోరుకు రక్తం ఎందుకు అంటుతోందో తెలియడానికి చెప్తున్నాం.

అలాంటి నెత్తికి అడగాల్సిన సీసా కోల్‌టార్ (బొగ్గు నుంచి తీసే తారు), సాలిసిలిక్ ఆమ్లం కలిసిన షాంపూ. తేలికగా చెప్పాలంటే తారు షాంపూ. చాలా కంపెనీలు చేస్తున్నాయి, లోపలి సరుకు దాదాపు ఒకటే కాబట్టి పేర్ల జోలికి పోవడం లేదు. అయితే శాతాలు మారుతుంటాయి, అట్ట మీద చూసి కొనండి. మా లెక్కలో ఐదుకు మూడున్నర మార్కులు. ఆ ఒకటిన్నర ఎందుకు తగ్గిందో ముందుకెళ్తే తెలుస్తుంది.

మామూలు నెత్తిలో చర్మకణం అడుగు నుంచి పైకి వచ్చి రాలడానికి ఇంచుమించు నెల పడుతుంది. సోరియాసిస్‌లో ఆ పని మూడు నుంచి ఐదు రోజుల్లో అయిపోతుంది. వచ్చినవి రాలకముందే కొత్తవి వచ్చి పడి పెచ్చులు కడతాయి. సాలిసిలిక్ ఆమ్లం ఆ పెచ్చుల్ని ఒకదానికొకటి అతుక్కోకుండా వదులు చేస్తుంది, తారు కణాల వేగాన్నీ దురదనూ తగ్గిస్తుంది. కొత్త మందేమీ కాదు. తారు పూసి అతినీలలోహిత కాంతి పెట్టే వైద్యాన్ని గోకర్‌మన్ అనే డాక్టరు అమెరికాలోని మేయో క్లినిక్‌లో 1925లోనే చెప్పాడు.

ఎక్కువమంది "వాడాను, పని చెయ్యలా" అనేది ఈ సీసా గురించే. అడిగి చూస్తే మామూలు షాంపూలాగా జుట్టుకు రుద్ది, నురగ రాగానే చెంబుడు నీళ్లు పోసేసుకుని ఉంటారు. మందు పడాల్సింది జుట్టు మీద కాదు, నెత్తి చర్మం మీద. అదీ మందపాటి పెచ్చు కింద. అందుకని పని ముందురోజు రాత్రే మొదలవుతుంది. రెండు మూడు చెంచాల కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి, జుట్టును పాయలు పాయలుగా విడదీసి, పెచ్చులున్న చోట మాత్రం వేలికొసలతో అద్దండి. గోళ్లు తగలకూడదు. పైన పాత నూలుగుడ్డ కట్టుకుని పడుకోవాలి. మర్నాడు ముందుగా మామూలు షాంపూతో ఆ జిడ్డు వదిలించుకోవాలి. ఈ మెట్టు దాటేస్తే తారు నూనె మీదే తేలిపోయి చర్మానికి అందదు. తర్వాత తడినెత్తి మీద పాయల మధ్య సీసా మూతి ఆనించి, మొత్తం రెండు చిన్న చెంచాలు, అంటే పది మిల్లీలీటర్లు పోసి, మెల్లగా రుద్ది, గడియారం చూసుకుని ఐదు నుంచి పది నిమిషాలు వదిలెయ్యాలి. ఆ తర్వాత గోరువెచ్చని నీళ్లతో బాగా కడగాలి. కాగే నీళ్లు పోసుకుంటే ఆ క్షణానికి దురద మీద హాయిగా ఉంటుంది, గంటలో రెట్టింపై తిరిగొస్తుంది.

మొదట్లో వారానికి రెండు మూడుసార్లు, తగ్గాక వారానికోసారి. వంద మిల్లీలీటర్ల సీసా పది స్నానాలకు వస్తుంది, అంటే వారానికి రెండుసార్లు వాడితే ఐదు వారాలు. నాలుగైదు వారాలైనా వాడకుండా ఇది పని చేస్తుందో లేదో తేల్చెయ్యొద్దు. మెత్తబడిన పెచ్చుల్ని పేన్ల దువ్వెనతో గీకి తియ్యాలని చెయ్యి లాగుతుంది. ఊడేవి వాటంతటవే ఊడతాయి. గీకిన చోటే కొత్త మచ్చ లేవడం ఈ జబ్బు గుణం. డాక్టర్లు దాన్ని కోబ్నర్ ప్రభావం అంటారు.

ఇక లోపాలు. వాసన: కొత్తగా వేసిన రోడ్డు పక్కన నిలబడ్డట్టే ఉంటుంది, ఎంత కడిగినా కొంత మిగులుతుంది. మరక: తెల్లవెంట్రుకలు పసుపు తిరుగుతాయి, తెల్ల తువ్వాలు, దిండు గలీబు పాడవుతాయి. ముదురు రంగు పాత తువ్వాలొకటి దీనికే కేటాయించుకోండి. కొందరికి వెంట్రుక కుదుళ్లలో చీముపొక్కులు లేస్తాయి, అలా అయితే ఆపెయ్యాలి. చీము, రసి కారుతున్న నెత్తి మీద అసలు పొయ్యకూడదు. గర్భిణులు డాక్టర్ని అడగనిదే ముట్టుకోవద్దు. అన్నిటికంటే మన ఊళ్లో ముఖ్యమైంది ఎండ. తారు తగిలిన చర్మం దాదాపు ఒక రోజంతా ఎండకు తొందరగా కమిలిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నే ఈ షాంపూతో తలంటుకుని అలిపిరి మెట్లెక్కడం మంచిది కాదు. సాయంత్రం స్నానానికి మార్చుకోండి, మర్నాడు నెత్తి మీద గుడ్డో టోపీయో వేసుకోండి.

సబ్బుబిళ్ల నెత్తికి వద్దు. బోరు ఉప్పునీళ్లలో సబ్బు విరిగి తెల్లగా పేరుకుని పెచ్చుకు పెచ్చు తోడవుతుంది. కుంకుడు రసం పగుళ్లున్న నెత్తి మీద భగ్గుమంటుంది.

చిత్తూరు వైపు, తమిళనాడు పొలిమేర ఊళ్లలో ఇంకో సీసా కనబడుతుంది. అంకుడు ఆకు వేసిన కొబ్బరినూనె, తమిళంలో వెట్పాలై తైలం. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర ఈ చెట్టుదే. ఆకు తుంచి నూనెలో వేసి ఎండలో పెడితే కొన్నాళ్లకు నూనె ఊదారంగు తిరుగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. పొలుసు నానబెట్టడానికి రాత్రిపూట కొబ్బరినూనె బదులు వాడుకోవచ్చు. మొత్తం జబ్బును అదే తీసేస్తుందని చెప్పి అమ్మేవాళ్ల మాట మాత్రం నమ్మకండి.

తారుతో లొంగకపోతే డాక్టర్లు రాసేది స్టీరాయిడ్ లోషన్, ఎక్కువగా క్లోబెటాసోల్ 0.05%. దురద రోజుల్లోనే తగ్గుతుంది. అందుకే జనం దాన్ని వదలరు, అక్కడే చిక్కు వస్తుంది. రోజూ రాసేది రెండు వారాలకు మించకూడదు, తర్వాత డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. నుదుటి మీదికి కారనివ్వొద్దు, చర్మం పలచబడుతుంది. 2018 నుంచి ఇలాంటివి చీటీ మీదే అమ్మాలని నియమం ఉంది, అయినా అడిగితే ఇచ్చే కౌంటర్లు లేకపోలేదు. సోరియాసిస్‌కే డాక్టర్లు రాసే ఇంకో పూతమందు కాల్సిపోట్రియాల్. అది రాసుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: సాలిసిలిక్ ఆమ్లం దాన్ని చెడగొడుతుంది, రెండూ ఒకే పూట వద్దు.

మొక్కు ఉన్నవాళ్లకు తప్పని ప్రశ్న కల్యాణకట్ట. పెచ్చులు రేగి ఉన్నప్పుడు గుండు గీయిస్తే కత్తి తెగిన ప్రతిచోటా పది పదిహేను రోజుల్లో కొత్త పొలుసు లేవొచ్చు. నెత్తి చదునుబడ్డాకే మొక్కు పెట్టుకోండి. ఆడవాళ్లకైతే మూడు కత్తెరలు ఇచ్చే దారి ఎటూ ఉంది. తప్పదంటే నెత్తి బాగా నానేదాకా తడిపి, ఎదురు గీయొద్దని, రెండోసారి కత్తి పెట్టొద్దని క్షురకుడికి ముందే చెప్పాలి. ఇది అంటుజబ్బు కాదన్న మాట కూడా ఆయనకు చెప్తే చెయ్యి తడబడదు. గంధం పూత తెగిన చోట ఆరి చర్మాన్ని లాగుతుంది, ఆ చోట్లు వదిలి పూసుకోండి. తారు షాంపూ, స్పిరిట్ కలిసిన లోషన్లు గాట్లు మానేదాకా పక్కన పెట్టండి. ఒక లాభం లేకపోలేదు: గాట్లు మానాక గుండు మీద మందు అందినంత బాగా జుట్టు మీద ఎప్పుడూ అందదు.

పొద్దున లేవగానే వేళ్ల కీళ్లు బిగుసుకుపోవడం, గోళ్ల మీద సూదితో గుచ్చినట్టు గుంటలు పడడం కనబడితే షాంపూల దశ దాటినట్టే. కీళ్లకు పాకిన సోరియాసిస్‌ను ఆలస్యం చేస్తే కీలు వంకరపోతుంది. తిరుపతిలో రుయా ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీ ఉంది, చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర. అక్కడ మెథోట్రెక్సేట్ రాస్తే అది వారానికి ఒక్కరోజు వేసుకునే మాత్ర, రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. వారంలో ఏ రోజో చీటీ మీద తెలుగులో రాయించుకోండి. వెళ్లేటప్పుడు ఇంతవరకు వాడిన సీసాలు, ట్యూబులు, పేరు లేని నాటుమందు పొడి పొట్లాలతో సహా ఒక సంచిలో వేసుకెళ్లండి. బీపీ మాత్రల చీటీ కూడా పెట్టుకోండి, ప్రొప్రనొలాల్, మెటోప్రొలాల్ లాంటివి కొందరిలో సోరియాసిస్‌ను రేపుతాయి. సొంతంగా మాత్రం ఆ మాత్రలు ఆపెయ్యకండి.