విండోస్ 7: బిల్లులకు సరే, బ్యాంకు పనికి వద్దు

భీమవరంలో మా రొయ్యల మేత దుకాణం బిల్లులు ఇప్పటికీ విండోస్ 7 మీదే. ఎండాకాలం కరెంటు ఎన్నిసార్లు పోయినా మళ్లీ మామూలుగా లేస్తుంది, పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌తో పేచీ పెట్టదు. నమ్మకానికి పూర్తి మార్కులు.

భద్రతకు మాత్రం వేయలేను. మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తో మామూలు వాడకందార్లకు అప్‌డేట్లు ఆపేసింది. క్రోమ్ కూడా 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. యాంటీవైరస్ ఉందిగా అంటాడు మా బావ. కానీ 2017లో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వాన్నాక్రై వైరస్ ఎక్కువగా పట్టుకున్నది విండోస్ 7నే. ఎవరూ ఏదీ నొక్కకుండానే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది. అప్పుడు కనీసం లోపాన్ని సరిచేసే అప్‌డేట్ (ప్యాచ్) ఉంది, వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. ఇప్పుడు కొత్త లోపం బయటపడితే ప్యాచే రాదు.

అందుకే నెట్ వైరు పీకేశాను. రైతుల బాకీల లెక్కలకు వారం వారం బ్యాకప్ తీస్తున్నాను. బ్యాంకు పనికి వేరే కంప్యూటర్ తప్పదు బావా.