హెడ్డాఫీసు లెక్కా, సైటు లెక్కా: ఏది మేలు?

ఒకే గ్రూపు చేతిలో మూడు నిర్మాణ కంపెనీలు ఉన్నాయనుకుందాం. ఒకటి రోడ్లు వేస్తుంది, ఒకటి భవనాలు కడుతుంది, ఇంకొకటి ప్రీకాస్ట్ భాగాలు, అంటే సైటులో బిగించడానికి సిద్ధంగా ఉండే కాంక్రీటు ముక్కలు, ముందే పోసి పంపుతుంది. ఉత్పాదకత సంగతి ఎవరు చూసుకోవాలి? పైనున్న గ్రూపా, ఎవరి కంపెనీ వాళ్లా?

గ్రూపులకు నచ్చేది మొదటిదే. అందరికీ ఒకే రిపోర్టు, ఒకే కొలత. చాలాసార్లు ఆ కొలత తలసరి బిల్లింగ్, అంటే నెలలో వేసిన బిల్లుల మొత్తాన్ని మనుషుల సంఖ్యతో భాగిస్తే వచ్చే అంకె. ఇందులో పెద్ద తిరకాసే ఉంది. లిఫ్టులు, అద్దాలు సైటుకు చేరిన నెలలో బిల్లు అమాంతం లేస్తుంది, మనుషులు చేసిన పని మాత్రం అంతే. పునాదులప్పుడు ఒళ్లు హూనం చేసుకున్నా అంకె చిన్నదే. పైగా రోడ్డు పనిలో ఎక్కువ భారం యంత్రాలది, భవనాల్లో మనుషులది. ఈ రెండింటికీ ఒకే పట్టికలో ర్యాంకులివ్వడం శుద్ధ దండగ.

సైటుకే వదిలేస్తే కొలత పనికి దగ్గరగా ఉంటుంది. చదరపు మీటరు సెంట్రింగ్‌కు (కాంక్రీటు పోయడానికి బిగించే అచ్చుకు) ఎన్ని పనిగంటలు పట్టాయి, టన్ను కడ్డీ కట్టడానికి ఎన్ని పట్టాయి అని చూస్తారు. 20 మంది 8 గంటల్లో, అంటే 160 పనిగంటల్లో, 200 చదరపు మీటర్లు బిగిస్తే చదరపు మీటరుకు 0.8 పనిగంట. మర్నాడు అదే ముఠా 100 మీటర్ల దగ్గరే ఆగితే 1.6. ఎందుకో సైటు ఇంజినీరుకు తెలుసు. ప్లైవుడ్ పైకెత్తాల్సిన క్రేన్ పక్క బ్లాకు పనిలో ఇరుక్కుపోయింది, ముఠా మధ్యాహ్నం దాకా నీడపట్టున కూర్చుంది. హెడ్డాఫీసు స్క్రీన్ మీద మాత్రం ఆ రోజు క్రేన్ వినియోగం భేష్! అది ఒక్క నిమిషం ఖాళీగా లేదు మరి.

అలాగని పూర్తిగా వదిలేసినా చిక్కే. ఒకరు మేస్త్రి గంటలు కలుపుతారు, ఇంకొకరు కలపరు. పగలగొట్టి మళ్లీ చేసిన పనిని ఒకరు రెండుసార్లు రాసుకుంటారు. ఒక కంపెనీలో ఎక్స్‌కవేటర్ పనిలేక నిలబడి ఉంటే, అదే గ్రూపులో మరో కంపెనీ బయట అద్దెకు తెస్తుంది.

అందుకే నా ఓటు పనుల పంపకానికి. యంత్రాలు, సిమెంటు, స్టీలు కొనుగోళ్లు, దేన్ని పనిగంట అనాలన్న నిర్వచనం గ్రూపు చేతిలో ఉండాలి. ఈ వారం ఏ పని, ఎవరితో అన్నది సైటుది. రెండిటినీ కలపడానికి నిర్మాణ నిర్వహణ నిపుణులు గ్లెన్ బలార్డ్, గ్రెగ్ హోవెల్ 1990లలో రూపొందించిన లాస్ట్ ప్లానర్ పద్ధతి పనికొస్తుంది. వారం మొదట్లో మాటిచ్చిన పనుల్లో ఎంత శాతం పూర్తయ్యాయో, మిగతావి ఎందుకు ఆగాయో రాయడమే అందులో కీలకం. రోడ్డయినా, భవనమైనా ఈ లెక్క కుదురుతుంది.

ఒక్క జాగ్రత్త. ఈ శాతానికి బోనస్ ముడిపెట్టారా, మరుసటి వారం నుంచి అందరూ తేలికపాటి పనులకే మాటిస్తారు. గ్రూపు చూడాల్సింది శాతం కాదు, కారణాలు. 'డ్రాయింగ్ రాలేదు' అన్న మాట మూడు కంపెనీల కాగితాల్లోనూ కనిపిస్తే, దాన్ని ఏ సైటు ఇంజినీరూ సరిచేయలేడు. అప్పుడు హెడ్డాఫీసే కదలాలి.