మూడు మూలల స్థలానికి ఏది మేలు: సైన్ సూత్రమా, హెరాన్ సూత్రమా?

లంబకోణం లేని త్రిభుజానికి వైశాల్యం కట్టాలంటే ఇంటర్ లెక్కల్లో ఒక సూత్రం ఉంది: రెండు భుజాల లబ్ధంలో సగాన్ని, వాటి మధ్య కోణం సైన్ విలువతో గుణించాలి. హెరాన్ సూత్రానికైతే కోణంతో పనిలేదు, మూడు భుజాలు తెలిస్తే చాలు: చుట్టుకొలతలో సగాన్ని, ఆ సగంలోంచి ఒక్కో భుజం తీసేస్తే మిగిలే మూడు సంఖ్యలతో గుణించి, వర్గమూలం కట్టాలి.

పరీక్షలో రెండు భుజాలు, మధ్య కోణం ఇస్తే నా ఓటు సైన్‌కే. 30 మీటర్లు, 40 మీటర్లు, మధ్యలో 60 డిగ్రీలు అనుకోండి. 600ని 0.866తో గుణిస్తే 519.6 చదరపు మీటర్లు, అంటే 12.8 సెంట్లు. ఒక్క లైనులో అయిపోయింది. హెరాన్‌తో చేయాలంటే ముందు కొసైన్ సూత్రంతో మూడో భుజం 36.06 అని తేల్చుకోవాలి, తర్వాత వర్గమూలం కట్టాలి. అంత టెన్షన్ ఎందుకు?

అదే నిజంగా స్థలం కొలిచేటప్పుడైతే నేను సైన్‌ని నమ్మను. గట్టు మీద మన చేతిలో ఉండేది టేపు. కోణం అంచనా వేస్తే రెండు డిగ్రీలు అటూఇటూ అవడం మామూలే. అవే భుజాలకు మధ్య కోణం 90 దగ్గర ఉంటే ఆ తప్పుకి అర చదరపు మీటరు కూడా తేడా రాదు. 60 దగ్గర పది చదరపు మీటర్లు, అంటే పావు సెంటు. 20 దగ్గరైతే అర సెంటు దాకా పోతుంది. కాబట్టి మూడు వైపులా టేపు పట్టి హెరాన్ వేయడమే మేలు.

అయితే సన్నగా సాగిన స్థలానికి హెరాన్ కూడా పనికిరాదు. ఇది చాలామంది గమనించరు. భుజాలు 30, 40, 69 అయితే వైశాల్యం 201 చదరపు మీటర్లు. టేపు వదులుగా పట్టి 69ని 69.5 అని చదివారా, లెక్క 144కి పడిపోతుంది! దాదాపు సెంటున్నర మాయం. చుట్టుకొలతలో సగం 69.5. అందులోంచి 69 తీసేస్తే మిగిలేది అర మీటరే. టేపు వదులుకి అది పావు మీటరైపోతుంది. తప్పంతా అక్కడే.

ఇలాంటి చోట చిన్న తరగతుల్లో నేర్చుకున్న భూమి, ఎత్తు పద్ధతే దిక్కు. పొడుగు భుజం వెంట తాడు లాగి కట్టండి. ఎదుటి మూలలో టేపు కొస పట్టుకుని, రెండో కొసను తాడు వెంట జరుపుతూ చూడండి. అన్నిటికన్నా తక్కువ చూపించే కొలతే ఎత్తు. ఇక్కడ అది 5.83 మీటర్లు. అందులో పది సెంటీమీటర్లు తప్పినా వైశాల్యంలో తేడా మూడున్నర చదరపు మీటర్లే.