మా లైబ్రరీలో ఫ్రీగా వేసే పాత సినిమాలు: చాన్నాళ్లుగా వెళ్తున్నా, నా రివ్యూ ఇదీ

ఫ్రీ షో అనగానే "యూట్యూబ్‌లో ఉన్నదేగా, దానికి ఎండలో పడి అంత దూరం పోవాలా" అంటారు అందరూ, మా ఇంట్లో అయితే ఇప్పటికీ అంటారు. వాళ్ల కోసమే రాస్తున్నా ఇది. ఊరి పేరు, లైబ్రరీ పేరు చెప్పను, ఎందుకంటే కింద కొంచెం తిట్టేది కూడా ఉంది, పాపం ఆ ఉన్న ఇద్దరు స్టాఫ్ మీదకి రావడం నాకిష్టం లేదు. కోస్తాలో ఒక మామూలు మున్సిపాలిటీ ఊరు అనుకోండి చాలు.

నెలకో ఆదివారం సాయంత్రం రీడింగ్ రూమ్‌లో బల్లలన్నీ గోడవారకి జరిపేసి, ప్లాస్టిక్ కుర్చీలు వేసి, బీరువాల ముందు తెర కట్టి బొమ్మ వేస్తారు. టికెట్టు లేదు, మెంబర్‌షిప్ కార్డు అడగరు, గుమ్మం దగ్గర రిజిస్టర్‌లో పేరు రాసి సంతకం పెడితే చాలు. అయినా ఫ్రీ ఫ్రీ అంటాం గానీ మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం కదండీ, రసీదు తీసి చూస్తే విడిగా కనపడుద్ది. కాబట్టి ఊరికే వచ్చింది కదా అని మొహమాటపడక్కర్లేదు, మన డబ్బుతో మనకి వేస్తున్నారు.

ఏం వేస్తారంటే పాత తెలుగు సినిమాలు, అదీ చాలా పాతవి. మొదట్లో నాకూ అర్థం కాలేదు, శంకరాభరణం వేయొచ్చుగా, ప్రేమ్‌నగర్ వేయొచ్చుగా అని అడిగితే లైబ్రేరియన్ గారు లెక్క చెప్పారు. మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా విడుదలైన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి, ఆ తర్వాత ఎవరైనా వేసుకోవచ్చు. ఆ లెక్కన 1964లో వచ్చినవి 2025 జనవరి నుంచే అందుబాటులోకి వచ్చాయి, 1971 నాటి ప్రేమ్‌నగర్‌కి 2032 దాకా ఆగాల్సిందే. అందుకే మల్లీశ్వరి, కన్యాశుల్కం, రోజులు మారాయి, మాయాబజార్ ఇలా తిరుగుతుంటాయి. మాయాబజార్ కూడా 1957 నాటి నలుపు తెలుపుదే వేస్తారు, 2010లో రంగులేసి వదిలింది కాదు. నా మటుకు నాకు అదే మంచిదైంది, మార్కస్ బార్ట్లే గారు తీసిన ఆ వెన్నెలకి రంగులెందుకండీ అసలు.

ఇక తిట్టాల్సినవి. ప్రొజెక్టర్ పర్లేదు గానీ దాన్ని సెట్ చేసేవాళ్లు లేరు. పాత సినిమాలన్నీ ఇంచుమించు చదరపు బొమ్మలు కదా, ఈ ప్రొజెక్టర్ దాన్ని అడ్డంగా సాగదీసి తెర మొత్తం నింపుద్ది, దాంతో సావిత్రి గారు ఒక్కసారే పది కిలోలు పెరిగినట్టు, రథం చక్రాలు కోడిగుడ్ల లాగా కనపడతాయి. చాలామంది అదే అసలు బొమ్మ అనుకుని చూసేస్తారు. పదో తరగతి చదివే కుర్రాడొకడు రిమోట్‌లో యాస్పెక్ట్ అనే బటన్ పట్టుకుని నొక్కితే రెండు పక్కలా నల్ల పట్టీలు వచ్చి మనుషులు మనుషుల్లాగా అయ్యారు. మళ్లీ నెలకి ఎవరో ప్లగ్ పీకేసుంటారు, మళ్లీ కోడిగుడ్లే, మళ్లీ ఆ కుర్రాడే. ఇప్పుడు వాడు రాకపోతే ముందు వాళ్లింటికి ఫోన్ వెళ్తది.

రెండోది వెలుతురు. నాలుగున్నరకి మొదలెడతారు, పడమటి వైపు వెంటిలేటర్లకి పాత పేపర్లు అంటించారు గానీ మూలలు ఊడిపోయి ఎండ సరిగ్గా తెర మీదకే కొడుద్ది, ఎండాకాలంలో మొదటి గంట రాత్రి సీనో పగటి సీనో తెలీదు. ఆరింటికి మొదలెట్టండి అంటే ఆడవాళ్లు ఇంటికి వెళ్లేసరికి లేటవుద్దంటారు, అదీ నిజమే, మాయాబజార్ మూడు గంటలు దాటుద్ది మరి. రెండు కర్టెన్లు కుట్టిస్తే తీరిపోయేదానికి ఎప్పుడడిగినా పైకి రాశామనే మాట.

అన్నిటికన్నా పెద్ద గొడవ ఫ్యాన్లది. ఆ పాత సీలింగ్ ఫ్యాన్లు తిరిగితే డైలాగు వినపడదు, ఆపితే మనుషులు ఉడికిపోతారు. ఆ రోజుల్లో సౌండు అసలే కొంచెం ముక్కుతో మాట్లాడినట్టుంటది, పైగా నెట్‌లో దొరికే ప్రింట్లు ఎన్నిసార్లు కాపీ చేసినవో ఏమో బర్రుమంటూ ఉంటాయి. కన్యాశుల్కం రోజు సగం మంది ఫ్యాన్ వెయ్యమని, సగం మంది ఆపమని, చివరికి మాటలప్పుడు ఆపి పాటలప్పుడు వేశారు, స్విచ్చుల దగ్గర ఒక పెద్దాయన్ని కూర్చోబెట్టి మరీ! ఆయన సినిమాలో పడిపోయి వెయ్యడం మర్చిపోతే అందరూ "బాబాయ్ గారూ, పాటొచ్చింది" అని అరవడం.

ఇంత చెప్పి మరి ఎందుకు వెళ్తున్నావ్ అంటే, ఇంట్లో ఈ సినిమాలు పూర్తిగా చూడం కాబట్టి. ఫోన్లో మల్లీశ్వరి పెట్టుకుంటే పది నిమిషాలకి ముందుకి జరుపుతాం, పాట వస్తే దాటేస్తాం. అక్కడ రిమోట్ మన చేతిలో ఉండదు. బి.ఎన్.రెడ్డి గారు నింపాదిగా తీశారా, నింపాదిగానే చూడాలి. వాన పడుతుంటే మంటపంలో మల్లి, నాగరాజు ఉంటారు, మారువేషంలో రాయలవారు వస్తారు, నాగరాజు సరదాకి మల్లికి పల్లకీ పంపించమంటాడు, అప్పుడు హాల్లో అందరూ నవ్వారు. ఆ పల్లకీ నిజంగానే వచ్చి మల్లిని రాణివాసానికి తీసుకెళ్లినప్పుడు మాత్రం ఒక్కరు నవ్వితే ఒట్టు, నా వెనకాల కూర్చున్న పెద్దావిడ "నోటి దురుసు కాకపోతే ఏంట్రా నాయనా" అని గట్టిగానే అనేసింది, పక్కావిడ ముక్కు చీదుకుంది. ఇంట్లో ఈ సీను ఎన్నోసార్లు చూశా గానీ అంతకుముందు చేసిన సరదా, ఇప్పుడొచ్చిన పల్లకీ ఇంత గట్టిగా ముడిపడతాయని తట్టలేదు, మధ్యలో ఉన్నదంతా జరిపేస్తే ఎలా తడుతుంది.

జనాల సంగతే వేరు అసలు. రోజులు మారాయిలో ఏరువాక పాట రాగానే ముందు వరసలో తాతలందరూ తల ఊపుతూ పాడేస్తున్నారు, ఆ డాన్స్ చేసే అమ్మాయి వహీదా రెహమాన్ అని పక్కనున్న కాలేజీ పిల్లకి చెప్తే నమ్మలేదు, ఫోన్ తీసి వెతికి చూసుకుని "అవునండీ" అంది. మాయాబజార్‌కైతే పిల్లలే పిల్లలు, "పాండవులు ఎప్పుడొస్తారు" అని ఒకడు ఆగకుండా అడుగుతుంటే వాళ్ల తాత "వస్తార్రా, వస్తార్రా" అంటూ మూడు గంటలు లాగాడు, పాండవులు ఆ సినిమాలో కనపడనే కనపడరు కదా! మాయా శశిరేఖ పెళ్లిపీటల దగ్గర రేలంగి కాలు తొక్కినప్పుడు ఆ నవ్వులకి తర్వాతి రెండు డైలాగులు ఎవరికీ వినపడలేదు, అక్కడ ఫ్యాన్ తప్పు లేదు. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు కదా, పైన ఎస్వీఆర్ నడక, మధ్యలో చటుక్కున ఆడపిల్ల సిగ్గు, సావిత్రి గారు అలా మారుతుంటే అంత పెద్ద తెర మీద చూడాలి, అరచేతిలో కాదు.

ఇంకోటి, లైబ్రరీలో వేయడం వల్ల మాత్రమే వచ్చే లాభం ఉంది. కన్యాశుల్కం అయిపోగానే ఒక రిటైర్డ్ మాస్టారు లేచి, గురజాడ గారి నాటకంలో ఇలా లేదు, సినిమా కోసం మార్చేశారు అని మొదలెట్టారు, ఇంకొకాయన రామారావు గిరీశంగా బాగా చేశాడు కదా వదిలేయండి అన్నారు, మాట పెరుగుతుంటే లైబ్రేరియన్ గారు వెనక బీరువా తాళం తీసి నాటకం పుస్తకం చేతిలో పెట్టారు, చూసుకోండి అని. రెండు కాపీలూ ఆ సాయంత్రమే వెళ్లిపోయాయి, నా వంతు వచ్చేసరికి అట్ట ఊడిపోయింది. చదివాక మాస్టారిదే నిజం అనిపించింది నాకు, నాటకంలో మధురవాణికి ఉన్న వెటకారం పదును సినిమాలో తగ్గింది. అయినా సావిత్రి గారిని చూసి మధురవాణి అంటే ఆవిడే అనిపిస్తది, ఏం చేస్తాం.

కరెంటు పోతే మాత్రం ఆశ వదులుకోండి, ఇన్వర్టర్ లైట్లకే, ప్రొజెక్టర్‌కి సరిపోదు. తాగడానికి నీళ్లుంటాయి, బాత్రూమ్ సంగతి అడక్కండి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని మూడు గంటలు ఆ కుర్చీల్లో కూర్చోబెట్టాలంటే ఆలోచించాలి, ఇంటర్వెల్ ఇవ్వమని చెప్పగా చెప్పగా ఇప్పుడు పది నిమిషాలిస్తున్నారు. క్లీన్ ప్రింటు, థియేటర్ సౌండు కావాలనుకునేవాళ్లు రావద్దు, నిరాశ పడతారు.

నేను అయిదుకి నాలుగు ఇస్తా, ఆ ఒకటి కర్టెన్లు కుట్టించాకే. వచ్చే నెల డాక్టర్ చక్రవర్తి అని బోర్డు మీద రాశారు, కోడూరి కౌసల్యాదేవి గారి చక్రభ్రమణం నవల ఉంది కదా, అదే. నవల కాపీ నేను ముందే తీసేసుకున్నా, కావాల్సినవాళ్లు షో రోజు అడగండి ఇచ్చేస్తా. నాలుగింటికల్లా వెళ్తే మధ్య వరసలో కుర్చీ దొరుకుద్ది, చిన్న దిండు ఒకటి వెంట తెచ్చుకోండి.