ఆర్‌వీ టూర్‌కు ముందు బండి చెకింగ్: మనమే చూసుకోవడమా, మెకానిక్కా, ఒక రాత్రి ట్రయలా? ఏది మేలు?

డల్లాస్ నుంచి యెల్లోస్టోన్ నేషనల్ పార్కుకు సొంత మోటార్‌హోమ్‌లో (ఆర్‌వీ, అంటే వంటిల్లు, పడకలు ఉన్న ఇల్లులాంటి బండి) వెళ్దామనుకునే మనవాళ్లు క్యాంప్‌సైట్లు నెలల ముందే బుక్ చేసేస్తారు. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల టికెట్లు కూడా ఆ తేదీలకే చూసుకుంటారు. బండి మాత్రం బయల్దేరే వారం దాకా గుర్తుకు రాదు. చలికాలమంతా స్టోరేజ్‌లో కదలకుండా ఉన్న బండి అది. రోజూ తిరిగే కారు కంటే నిలబడిపోయిన బండికే రోగాలు ఎక్కువ. బ్యాటరీ దిగిపోతుంది, పెట్రోలు పాతబడుతుంది, ఎలుకలు వైర్లు కొరికేస్తాయి.

మనమే చూసుకుంటే ఖర్చు లేదు. అన్నిటికంటే ముందు టైర్లు చూడాలి. ఆర్‌వీ టైర్లు అరిగిపోయేలోపే ముసలివైపోతాయి, గాడులు కొత్తవాటిలా కనిపిస్తున్నా సరే. టైరు పక్కన డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ ఉంటుంది. దాని చివరి నాలుగు అంకెలు 2319 అయితే ఆ టైరు 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఆరేడేళ్లు దాటితే మార్చేయడమే మంచిది. చాలా టైర్లకు ఈ తేదీ ఒక పక్కనే ఉంటుంది. అది లోపలి వైపు ఉంటే టార్చి పట్టుకుని బండి కిందికి దూరక తప్పదు. వెనక జంట టైర్లలో లోపలిదాన్ని చాలామంది చూడనే చూడరు, గాలి తక్కువగా ఉండేది ఎక్కువగా అందులోనే. ప్రొపేన్ గ్యాస్ జాయింట్లకు, ఇంట్లో సిలిండర్ మార్చినప్పుడు చూసినట్టే, సబ్బు నురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడొచ్చు. గ్యాస్ డిటెక్టర్ గడువు తేదీ దాని మీదే ఉంటుంది.

మన చూపు అక్కడి వరకే ఆనుతుంది. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు చేరినకొద్దీ అది తక్కువ వేడికే మరుగుతుంది. డల్లాస్ చుట్టుపక్కల చదును రోడ్ల మీద ఈ లోపం బయటపడదు. కొలరాడోలో ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,158 అడుగుల ఎత్తున ఉంది. అది దాటాక వచ్చే నిటారు దిగుడులో బ్రేకు తొక్కుతూనే పోతే ఫ్లూయిడ్ మరిగి పెడల్ కిందికి జారిపోతుంది. టో/హాల్ మోడ్ (గేరు తగ్గించి ఉంచే సెట్టింగ్) వేసి ఇంజిన్‌తోనే వేగం తగ్గించడం ఎలాగూ నేర్చుకోవాలి, కానీ ఆ ఫ్లూయిడ్‌ను, ప్యాడ్లను ముందే మెకానిక్ చూసి తీరాలి. గోడల వెనక పోయే ప్రొపేన్ లైన్‌కు ప్రెషర్ టెస్ట్ చేయడం కూడా పని తెలిసినవాళ్ల వంతే.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. మోటార్‌హోమ్‌కు ఒక్క మెకానిక్ సరిపోడు. కింద ఉన్న ఛాసిస్‌ను, అంటే ఇంజిన్, బ్రేకులు, చక్రాలున్న భాగాన్ని, ట్రక్కుల వర్క్‌షాప్ చూస్తుంది. పైన ఉన్న ఇంటిని, అంటే ఫ్రిజ్, జనరేటర్, గ్యాస్, నీళ్ల పంపులను, ఆర్‌వీ టెక్నీషియన్ చూస్తాడు. ఒకచోట చూపించి "సర్వీసింగ్ అయిపోయింది" అనుకుంటే సగం బండిని ఎవరూ చూడనట్టే. పైగా వేసవి మొదలయ్యాక వీళ్ల అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం.

మూడోది నాకు బాగా నచ్చిన దారి. అసలు టూర్‌కు ఎలా సర్దుతామో అలాగే సర్దుకుని, ట్యాంకు నిండా నీళ్లు పట్టి, లేక్ టెక్సోమా లాంటి దగ్గరి చోట ఒక రాత్రి ఉండి రావడం. దారిలో ట్రక్ స్టాప్‌లోని తూకం మీదికి బండి ఎక్కించండి. ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ మీద కట్టిన చాలా బండ్లకు మొత్తం బరువు 14,500 పౌండ్లు దాటకూడదు. నలభై గ్యాలన్ల నీళ్లే 330 పౌండ్లు ఉంటాయి, ఆపైన బియ్యం బస్తా, పచ్చళ్లు, ఆరుగురు మనుషులు. టైర్లలో గాలి ఎంత ఉండాలో కూడా ఆ బరువును బట్టే తేలుతుంది. గంటసేపు నడిపి ఆపగానే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ప్రతి చక్రం వేడి చూడండి. ఒకే ఇరుసు మీది రెండు చక్రాల్లో ఒకటి బాగా వేడెక్కి ఉంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉండొచ్చు, లేదా బేరింగ్ పోతూ ఉండొచ్చు. రాత్రి ఇంజిన్ కింద అట్టముక్క పరిస్తే లీకులు పొద్దున్నే కనిపిస్తాయి. జనరేటర్ మీద ఏసీ వేసి గంటలతరబడి నడవనివ్వండి. ఐదు నిమిషాలు ఆన్ చేసి ఆపేస్తే దాని సంగతి తెలియదు.

కాబట్టి నేనైతే ఈ వరసలో వెళ్తాను. టూర్‌కు నెలరోజుల ముందు టైర్లు, బ్యాటరీ, గ్యాస్ జాయింట్లు సొంతంగా చూసుకుని, అవి బాగుంటే ట్రయల్‌కు వెళ్లడం. తిరిగొచ్చాక కనిపించినవన్నీ కాగితం మీద రాసి మెకానిక్‌కు ఇవ్వడం. "మొత్తం చూడండి" అంటే అతను పైపైన చూస్తాడు, "కుడివైపు ముందు చక్రం వేడెక్కుతోంది" అంటే నేరుగా అక్కడికే పోతాడు. కానీ బ్రేకులు రెండేళ్లుగా ఎవరూ చూడని బండైతే, లేదా బ్రేకు తొక్కితే మెత్తగా దిగుతుంటే, ట్రయల్ మాట వద్దు, ముందు వర్క్‌షాప్‌కే తీసుకెళ్లాలి.

పాత బండి కొనబోతున్నవాళ్ల లెక్క వేరు. వాళ్లు అమ్మేవాళ్లతో సంబంధం లేని, ఎన్‌ఆర్‌వీఐఏ (అమెరికాలోని ఆర్‌వీ ఇన్‌స్పెక్టర్ల సంఘం) సర్టిఫికెట్ ఉన్న ఇన్‌స్పెక్టర్‌ను పెట్టుకోవాలి. అద్దెకు తీసుకునేవాళ్లకు ట్రయల్ కుదరదు కాబట్టి, తాళాలు తీసుకునేటప్పుడే టైర్ల తేదీ చూసి, స్టవ్, ఫ్రిజ్, జనరేటర్ అన్నీ యార్డులోనే నడిపించి చూపమని అడగాలి. ఆ గంట ఆలస్యమైనా పర్లేదు.